పెంపుడు చేపలయందలి సూక్ష్మజీవులు
(నెల్లూరు తీరపు పట్టాదారులైన రైతుల కొఱకు చేయబడిన ఉపన్యాసపు పాఠము)

వరి పైరునకు తెగులు సోకినచో ఆకు రంగు మాఱును. రైతు గట్టుమీద నిలిచి చూచి తెలిసికొనును. చేపల చెఱువునందు పంట నీటి క్రింద నుండును. చేప మేత మాని, నీటి పైకి వచ్చి, గాలి కొఱకు నోరు తెఱచునప్పటికి తెగులు ప్రారంభమై కొన్ని దినములు గడచియుండును. ఆ దినములలో చెఱువునందు జరిగినదేమో తెలియుటకు, కంటికి కనపడని యొక జీవకోటిని గూర్చి కొంత యెఱిగియుండుట యవసరము. ఆ జీవకోటికి బాక్టీరియా యని పేరు. ఈ ఉపన్యాసమున అవి సూక్ష్మజీవులని వ్యవహరింపబడును. అవి చేప చర్మముమీదను, మొప్పలయందును, ప్రేగులయందును ఎట్లు చేరును, చేప పెరిగినకొలది ఎట్లు మాఱును, ఎప్పుడు మేలు చేయును, ఎప్పుడు కీడు చేయును, రైతు చేయదగినదేమి, చేయరానిదేమి యను విషయము లిందు వివరింపబడును.

1. ఈ విషయము నెల్లూరు తీరమున ఏల ముఖ్యము?

కండలేరు ఉప్పుటేటి పరిసరములయందును, కృష్ణపట్నము, మైపాడు, ఇస్కపల్లి ప్రాంతములయందును 1990 తరువాత టైగరు రొయ్యల చెఱువులు విరివిగా త్రవ్వబడెను. పలువురు రైతులు వరి చేలను చెఱువులుగా మార్చిరి. మొదటి పంటలు మంచి లాభము నిచ్చెను. 1994లో తెల్లమచ్చల తెగులు ప్రవేశించి చెఱువు వెంట చెఱువును పాడు చేసెను. అప్పు చేసి పెట్టుబడి పెట్టినవారు మిక్కిలి నష్టపడిరి. ఆ తెగులునకు కారణము వైరసు. అది సూక్ష్మజీవులకన్న మిక్కిలి చిన్నది, వేఱు తరగతికి చెందినది. దానిని నయము చేయు మందు లేదు. అయినను పంట పోవుచున్నదని భయపడిన రైతు చేతికందిన మందునెల్ల చెఱువులో పోయుట సహజము. ఆ భయము నేటికిని తీరమును విడువలేదు.

2009లో వనామీ రొయ్యల పెంపకమునకు ప్రభుత్వము అనుమతి నిచ్చెను. నేడు ఈ తీరమున ప్రధానమైన పంట అదియే. ఒకే పంటపై నాధారపడుట యపాయకరమని తలచు రైతునకు పండుగప్ప చేప యొక మార్గము. ఈ చేప ఉప్పునీటను, చప్పనీటను, రెండును కలసిన యేటిమొగల నీటను బ్రదుకగలదు. చెన్నపట్టణమున 1987లో స్థాపింపబడిన కేంద్ర ఉప్పునీటి జలజీవ పరిశోధన సంస్థ 1997లో పండుగప్పను నిర్బంధములోనే గ్రుడ్లు పెట్టించి, పిల్లలను తీయుటలో కృతకృత్యమయ్యెను. నాటినుండి హేచరీ పిల్లలతో ఈ సేద్యము చేయుటకు వీలు కలిగినది. ఈ ఉపన్యాసమున ఉదాహరణములు ఎక్కువగా పండుగప్పను గూర్చినవి. అయినను ఇందలి సూత్రములు రొయ్యలకును, చప్పనీటి బొచ్చె, రోహు చేపలకును చాలవఱకు వర్తించును.

2. సూక్ష్మజీవు లనగా నేమి?

ఒక్కొక్క సూక్ష్మజీవి కొలత ఇంచుమించుగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఒక మిల్లీలీటరు సముద్రపు నీటిలో ఇవి సుమారు 10 లక్షలుండును. చేప ప్రేగులయందలి పదార్థమును ఒక గ్రాము తీసికొని పరీక్షించినచో కోట్ల కొలది యుండును. సూక్ష్మజీవులు లేని చెఱువు లేదు, సూక్ష్మజీవులు లేని చేపయు చెఱువులో లేదు.

ఇవి శాస్త్రజ్ఞుల దృష్టికి మొదట రోగకారకములుగానే వచ్చెను. 1876లో జర్మనీ దేశపు రాబర్టు కాక్ పశువుల దొమ్మ రోగమునకు ఒక సూక్ష్మజీవి కారణమని నిరూపించెను. 1893లో ఇటలీ దేశమున మలుగు చేపలకు వచ్చిన యెఱ్ఱ తెగులునకు కారణమైన సూక్ష్మజీవి వర్ణింపబడెను. అది నేడు విబ్రియో యను జాతిలో చేర్పబడినది. తెగుళ్ల ద్వారముననే వీని పరిచయము కలుగుటచే, సూక్ష్మజీవి యనిన శత్రువేయను భావము ప్రబలెను.

రైతునకు ఈ భావము సరికాదని సులభముగా బోధపడును. పాలను పెరుగు చేయునవి సూక్ష్మజీవులే. జనుము, పిల్లిపెసర వేళ్లను పెకలించి చూచినచో చిన్న బుడిపెలు కనపడును. వానిలో నుండు సూక్ష్మజీవులు గాలియందలి నత్రజనిని పైరునకు ఎరువుగా మార్చి యిచ్చును. పొలమున రైతు వానిని చంపడు, వానికై పచ్చిరొట్ట వేయును. చెఱువునందును ఈ దృష్టి యవసరము.

3. గ్రుడ్డు మొదలు పట్టుబడి వఱకు

పండుగప్ప గ్రుడ్డు నీటిపై తేలునది. అది నీటిలో పడిన కొన్ని గంటలలోనే సూక్ష్మజీవులు దాని పైపొరను పట్టుకొనును. వెచ్చని నీటిలో సుమారు 16 మొదలు 18 గంటలకు గ్రుడ్డు పగిలి పిల్ల వెలువడును. అప్పుడు పిల్లకు నోరు తెఱచుకొనియుండదు, ప్రేగులయందు సూక్ష్మజీవులు దాదాపు లేవనియే చెప్పవచ్చును. రెండవ లేక మూడవ దినమున నోరు తెఱచుకొనును. పిల్ల నీటిని మ్రింగును. ఆ నీటితో మొదటి సూక్ష్మజీవులు కడుపులో ప్రవేశించును.

పిమ్మట హేచరీలో రోటిఫరులను, కొంతకాలమునకు ఆర్టీమియా పిల్లలను మేతగా నిత్తురు. ఈ సజీవ మేత ఏ తొట్టిలో పెరిగినదో ఆ తొట్టిలోని సూక్ష్మజీవులనే చేప కడుపులోనికి మోసికొనిపోవును. ఆర్టీమియా గ్రుడ్లు పగులునప్పుడు గ్లిసరిన్ అను తీయని పదార్థము నీటిలోనికి విడువబడును. వెచ్చదనమును, ఈ యాహారమును కలసియుండుటచే ఆ తొట్టిలో విబ్రియోలు శీఘ్రముగా పెరుగును. అందుచేత మంచి హేచరీలో ఆర్టీమియాను శుభ్రమైన నీట బాగుగా కడిగి కాని పిల్లలకు వేయరు.

పిల్లలకు పొడి మేత నలవాటు చేయునప్పుడు ప్రేగులయందలి సూక్ష్మజీవుల కూర్పు మరల మాఱును. కడుపులో పులుసు ఊరుట ప్రారంభమైన తరువాత, నీటిలో వచ్చిన ప్రతి సూక్ష్మజీవియు నిలువజాలదు. నిలువదగినవియే నిలుచును. ఈ విధముగా చేప పెరిగినకొలది దాని ప్రేగుల కాపురము నీటి కాపురమునకు భిన్నమై స్థిరపడును. అయినను మేత మార్చుట, నీటి ఉప్పదనము మాఱుట, వేడిమి హెచ్చుతగ్గులు, చేపకు కలుగు బాధ ఈ స్థిరత్వమును చెడగొట్టగలవు. చర్మముయొక్కయు మొప్పలయొక్కయు స్థితి యింతకన్న సున్నితము. అవి ఎల్లప్పుడును నీటిని తాకియుండుటచే నీటి మార్పు వానిపై వెంటనే కనపడును.

దీనినుండి రైతు గ్రహింపవలసినది యొకటి కలదు. నారుమడిలో కలుపు పడినచో ఆ కలుపు నారుతోకూడ పొలమునకు వచ్చును. అట్లే పిల్లలు చెఱువునకు చేరకముందే, వాని కడుపులో మొదటి కాపురము హేచరీలో ఏర్పడియుండును. కావున పిల్లల ధర మాత్రమే అడిగి కొనుట తగదు. ఎన్ని దినముల పిల్లలు, ఏ మేతకు అలవాటుపడినవి, ఆంటీబయాటిక్ మందులు వాడబడినవా, హేచరీ నీటి ఉప్పదనమెంత యని విచారించవలెను. పిల్లల సంచులను చెఱువు నీటిపై కొంతసేపు తేలియుండనిచ్చి, చెఱువు నీటిని కొంచెము కొంచెముగా కలుపుచు, వేడిమియు ఉప్పదనమును సమమైన పిదపనే విడువవలెను.

4. ఇవి చేయు మేలు

చేప చర్మమును కప్పియుండు జిగురు కేవలము జారుట కొఱకు ఏర్పడినది కాదు. దానిలో చేప తయారుచేయు రక్షక పదార్థములతోపాటు, హాని చేయని సూక్ష్మజీవులును నివసించును. అవి చోటును ఆహారమును ఆక్రమించియుండుటచే క్రొత్తగా వచ్చు రోగకారక జీవికి నిలువ నీడ దొరకదు. కొన్ని జాతులు రోగకారకములను అణచు పదార్థములను గూడ విడుచును.

ప్రేగులయందలివి మేతను జీర్ణింపజేయుటలో తోడ్పడును. బొచ్చె, తిలాపియా వంటి చప్పనీటి చేపల ప్రేగులలో నుండు సీటోబాక్టీరియం అను జాతి బి-12 విటమినును తయారుచేయునని కనుగొనబడినది. 2004లో అమెరికా దేశమున జీబ్రా చేపయను చిన్న చేపను సూక్ష్మజీవులు ఏ మాత్రమును సోకకుండ పెంచి, మామూలు చేపతో పోల్చి చూచిరి. సూక్ష్మజీవులు లేని చేపలో ప్రేగుల గోడ పెరుగుదల మందగించెను. పోషణమునకును, రోగమును ఎదుర్కొనుటకును సంబంధించిన పనులు మామూలు చేపలో వలె సాగలేదు. చేప దేహము తన పని నేర్చుకొనుటకే ఈ జీవుల సాహచర్యము కావలెనని దీనివలన తేలినది.

5. మేలు చెడి కీడగు సమయము

ఉప్పునీటి చెఱువులలో విబ్రియోలును, చప్పనీటి చెఱువులలో ఏరోమోనాసులును తెగుళ్లకు ముఖ్య కారణములు. ఇవి ఎక్కడనుండియో ఒక దినమున వచ్చి పడునవి కావు. ఆరోగ్యముగా నున్న చెఱువులోను, ఆరోగ్యముగా నున్న చేపమీదను కొలదిగా నెల్లప్పుడు నుండును. వాని సంఖ్య హెచ్చుటయు, చేప బలము తగ్గుటయు ఏకకాలమున జరిగినప్పుడు తెగులు బయలుదేరును.

సంఖ్య యెంత వేగముగా హెచ్చునో లెక్క వేసి చూడవచ్చును. వెచ్చని నీటిలో ఆహారము దొరకినచో విబ్రియో అరగంటలోపలనే రెండుగా చీలగలదు. అరగంట కొకసారి యనియే పెట్టుకొందము. రాత్రి 8 గంటలకు ఒకటి యున్నచో, ఆటంకము లేనియెడల ఉదయము 6 గంటలకు 10,48,576 అగును. చెఱువులో ఇట్లు జరుగకుండ ఆపునది ఆహారపు కొఱతయు, ఇతర సూక్ష్మజీవుల పోటీయు మాత్రమే. మిగిలిన మేత చెఱువడుగున కుళ్లినచో ఆహారపు కొఱత తీరును. మందు పోసి ఇతర సూక్ష్మజీవులను చంపినచో పోటీయు తీరును.

చేప బలము తగ్గుటకు ఈ తీరమున తఱచు కనపడు కారణములు నాలుగు.

మొదటిది, గాయము. పండుగప్ప పిల్లలలో పెద్దది చిన్నదానిని తినును, తినలేనిచో కొఱికి విడుచును. కావున చిన్న దశలో పరిమాణము వారీగా తఱచుగా వేఱుచేయవలెను. వేఱుచేయునప్పుడు మోటు వలతో పట్టినచో జిగురు చెదరి, పొలుసులూడి, అచ్చట పుండ్లు పడును.

రెండవది, తెల్లవాఱు వేళ ప్రాణవాయువు తగ్గుట. 

మూడవది, ఉప్పదనము హఠాత్తుగా మాఱుట. నెల్లూరు తీరమునకు ఎక్కువ వాన అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. ఒక్క వాయుగుండపు వానకు చెఱువు నీటి పై భాగము చప్పబడి, అడుగు ఉప్పగానే యుండును. పండుగప్ప చప్పనీటికి ఓర్చునదే యైనను, ఒక్క రాత్రిలో కలుగు మార్పు దానిని బాధించును. సూక్ష్మజీవుల కూర్పు కూడ తలక్రిందులగును.

నాలుగవది, మే నెల యెండ. వేడిమి హెచ్చినకొలది నీటిలో ప్రాణవాయువు నిలుచుట తగ్గును, విబ్రియోల చీలిక హెచ్చును.

తెగులు గుఱుతులు: చేప మేత తగ్గించుట, రంగు నల్లబడుట, రెక్కల మొదళ్లు ఎఱ్ఱబాఱుట, కన్ను ఉబ్బుట, చర్మముపై పుండ్లు పడుట. రాత్రివేళ నీటిని కదిపినప్పుడు నీలపు వెలుగు కనపడినచో వెలుగు నిచ్చు విబ్రియోలు పెరిగియుండవచ్చును. ఇతర ప్లవకములును ఇట్టి వెలుగు నీయగలవు గనుక లేబులో పరీక్ష చేయించి నిర్ణయింపవలెను.

6. మేత లెక్కయే సూక్ష్మజీవుల లెక్క

పండుగప్ప మాంసాహారి గనుక దాని మేతలో మాంసకృత్తులు హెచ్చు. నూటికి 40 పాళ్లు మాంసకృత్తులు గల మేతను 100 కిలోలు వేసినచో 40 కిలోల మాంసకృత్తులును, వానిలో సుమారు 6.4 కిలోల నత్రజనియు చెఱువులోనికి చేరును. చేప తన శరీరమున నిలుపుకొనునది అందులో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వఱకు మాత్రమే. మిగిలిన సుమారు 4.5 కిలోల నత్రజని నీటిపాలగును. ఇది దాదాపు 10 కిలోల యూరియాను చెఱువులో చల్లుటతో సమానము.

ఈ నత్రజని మొదట అమ్మోనియా యగును. అమ్మోనియా మొప్పలను కాల్చును, నీటి పీహెచ్ హెచ్చినకొలది దాని విషము హెచ్చును. దీనిని నైట్రైటుగా ఒక జాతి సూక్ష్మజీవులు, నైట్రైటును అపాయము తక్కువైన నైట్రేటుగా మఱియొక జాతి సూక్ష్మజీవులు మార్చును. రైతునకు కూలి అడుగని పనివారు వీరు. వీరికి కావలసినది ప్రాణవాయువు. ఒక కిలో నత్రజనిని మార్చుటకు సుమారు 4.6 కిలోల ప్రాణవాయువు పట్టును. పై లెక్కలోని 4.5 కిలోలంతయు ఈ విధముగానే మాఱవలెనన్నచో 20 కిలోలకు పైగా కావలెను. చేప పీల్చుకొనునది దీనికి వేఱు. ఏరేటరులకు డీజిలు ఖర్చగునని రాత్రివేళ ఆపివేసిన రైతు చేపకే కాక, ఈ పనివారికిని ఊపిరి లేకుండ చేయుచున్నాడు. వారు ఆగినచో అమ్మోనియా నిలిచిపోవును. అడుగు బురద నల్లబడి, కుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చును.

చవుకగా దొరకు చిల్లర చేపను కోసి మేతగా వేయుట కొందఱి యలవాటు. మంచులో ఉంచని చేపలో సూక్ష్మజీవులు గంటగంటకు పెరుగును. దానిని వేయుట తెగులును మేతతో కలిపి పెట్టుటయే యగును. వేయక తప్పనిచో తాజాదానిని, కడిగి, తినునంతే వేయవలెను. మిగిలినదానిని చెఱువులో విడువరాదు.

7. ఖాళీ నేలలో మొదట మొలచునది

దున్ని విడిచిన నేలలో మొదట మొలచునది వరి కాదు, తుంగయు గరికయు. సూక్ష్మజీవుల ప్రపంచమునను ఇదియే విధి. నీటిని విషమువంటి మందుతో శుద్ధిచేసి అన్నిటిని చంపినప్పుడు, మొదట లేచునవి వేగముగా చీలునవే. విబ్రియోలు ఆ తెగకు చెందినవి. నిదానముగా పెరిగి స్థిరముగా నిలుచు జాతులు వెనుక వచ్చును.

1990 దశకమున నార్వే దేశపు శాస్త్రజ్ఞులు ఈ సూత్రమును సముద్రపు చేపపిల్లల పెంపకమున పరీక్షించిరి. శుద్ధిచేసిన నీటిని వెంటనే వాడక, నిదానముగా పెరుగు సూక్ష్మజీవులు దానిలో కుదురుకొన్న పిదప వాడిరి. అట్టి నీటిలో పెరిగిన పిల్లలు మేలుగా నుండెను. అట్టి నీటికి వారు పక్వమైన నీరని యర్థము వచ్చు పేరు పెట్టిరి.

దీనినిబట్టి బ్లీచింగు పొడి వాడుట తప్పని తలపరాదు. చెఱువు నింపునప్పుడు వైరసును మోయు పీతలు, అడవి రొయ్యలు, కలుపు చేపలు ప్రవేశింపకుండ వలకట్టి నీటిని వడకట్టుటయు, అవసరమైనచో పిల్లలను విడుచుటకు ముందు బ్లీచింగుతో శుద్ధిచేయుటయు మంచిదే. తప్పు ఏదనగా, శుద్ధిచేసిన మఱునాడే పిల్లలను విడుచుట. క్లోరిను పూర్తిగా తొలగిన తరువాత ఏరేటరులు త్రిప్పి, నీటికి రంగు వచ్చి, ఆ రంగు కొన్ని దినములు నిలకడగా నున్నదని చూచి పిల్లలను విడువవలెను. పంట చెఱువులో నుండగా చీటికి మాటికి శుద్ధి మందులు పోయుట, నాటిన చేనిని నడుమ దున్నుటవంటిది.

8. ఆంటీబయాటిక్ మందులు

తెగులు కనపడగానే మేతలో ఆంటీబయాటిక్ కలుపుట కొందఱి యలవాటు. దీనివలని నష్టములను వరుసగా తలపోయవలెను. జబ్బుపడిన చేప మేత తినదు, కావున మందు దానికి చేరదు. తినునది ఆరోగ్యముగా నున్న చేప. మిగిలిన మందు బురదలో చేరును. ఆ మందు ప్రేగులలోని ఉపకారులను చంపును. మందునకు లొంగని కొన్ని సూక్ష్మజీవులు మిగిలి, ఖాళీయైన చోటునంతయు ఆక్రమించును. అంతటితో పోదు. మందునకు లొంగని గుణమును ఒక సూక్ష్మజీవి తన జాతికే కాక వేఱు జాతికిని అందించగలదు. చెఱువులో పుట్టిన ఈ గుణము మనుష్యులకు రోగము తెచ్చు జీవులకును ప్రాకగలదు. అప్పుడు రైతు ఇంట పిల్లవానికి జ్వరము వచ్చినను, చెఱువు కూలివాని కాలికి పుండు పడినను వైద్యుడిచ్చు మందు పని చేయకపోవచ్చును.

వ్యాపారపు నష్టము వేఱుగా నున్నది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ వర్గపు మందులు ఆహారమునకై పెంచు చేపలకును రొయ్యలకును నిషిద్ధములు. క్లోరాంఫెనికాల్ మనుష్యులలో కొందఱికి రక్తము ఊరుటనే ఆపివేయగలదు. 2016లో ఐరోపా సంఘము భారతదేశపు పెంపకపు సరకులో పరీక్షింపవలసిన భాగమును నూటికి 10 నుండి 50కి పెంచెను. ఒక చెఱువులో వేసిన మందుచేత ఓడ సరకంతయు త్రిప్పి పంపబడవచ్చును. అప్పుడు ధర పడిపోవునది మందు వేయని పొరుగు రైతునకును. 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టము ప్రకారము తీరపు చెఱువులు నమోదు కావలెను. 2023లో ఆ చట్టము సవరింపబడినప్పుడు ఆంటీబయాటికుల వాడుకను అరికట్టు నియమములు స్పష్టముగా చేర్పబడెను.

ఈ మందులు లేకుండ పెద్ద సేద్యము సాగునా యని సందేహించువారికి నార్వే దేశము సమాధానము. అచ్చట 1987లో సాల్మన్ చేపల పెంపకమున సుమారు 48 టన్నుల ఆంటీబయాటికులు వాడిరి. అప్పటి చేప దిగుబడి సుమారు 50,000 టన్నులు. పిమ్మట టీకాలు వేయుట, ఒక పంటకును మఱియొక పంటకును నడుమ చోటును ఖాళీగా ఉంచుట, పొరుగువారందఱు నియమములు పాటించుట యలవాటు చేసికొనిరి. ఇటీవలి సంవత్సరములలో దిగుబడి 10 లక్షల టన్నులు దాటినను, ఆంటీబయాటికుల వాడుక సంవత్సరమునకు ఒక టన్నునకు లోపునకే దిగినది.

9. ప్రోబయోటిక్ డబ్బాలును లేబు కాగితములును

ఉపకారులైన సూక్ష్మజీవులను బయటనుండి చేర్చుటకు ప్రోబయోటిక్ అని పేరు. బాసిల్లస్ జాతివి ఇందులో ముఖ్యమైనవి. అవి గట్టి బీజరూపమున నిద్రించి, డబ్బాలో చాలకాలము నిలువగలవు. 1998లో ప్రకటింపబడిన పరిశీలనలో, ఇండోనేషియా రొయ్యల చెఱువులలో తగిన బాసిల్లస్ జాతులను వాడినచోట వెలుగునిచ్చు విబ్రియోలు తగ్గెనని తేలినది. కాని అంగడిలోని ప్రతి డబ్బాయు అట్టిది కాదు. డబ్బామీద జాతి పేరు, గ్రాములోని సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ లేనిచో కొనరాదు. మంచి డబ్బాయైనను ప్రాణవాయువు లేని చెఱువులో, మేత కుళ్లిన బురదలో పనిచేయదు. ప్రోబయోటిక్ వేసిన వారములోనే శుద్ధి మందు పోసినచో డబ్బా ఖరీదు వృథా.

లేబులో నీటిని పళ్లెములపై పరీక్షించి పసుపు కాలనీలిన్ని, ఆకుపచ్చ కాలనీలిన్ని యని కాగితమిత్తురు. ఆ రంగు సూక్ష్మజీవి చక్కెరను పులియబెట్టునా లేదా యని మాత్రమే తెలుపును. ఆకుపచ్చవానిలో హానికరమైన జాతులు కొన్ని యుండుటచే జాగ్రత్త యవసరమే. అయినను ఆకుపచ్చయైన ప్రతిదియు రోగకారి కాదు, పసుపుపచ్చవన్నియు సాధువులు కావు. నీటిలోని సూక్ష్మజీవులలో మిక్కిలి కొద్ది భాగమే అట్టి పళ్లెములపై పెరుగును. కావున ఒక్క దినపు సంఖ్య చూచి మందు కొనరాదు. వారమున కొకసారి ఒకే వేళ, ఒకే చోట నీరు తీసి పరీక్ష చేయించి, సంఖ్యలను పుస్తకములో వ్రాసికొనవలెను. చేప మేత తినుట, ఉదయపు ప్రాణవాయువు, ఈ సంఖ్య యను మూడును కలిపి చూచినప్పుడే నిజస్థితి తెలియును.

10. ఉమ్మడి నీరు

ఈ తీరపు చెఱువులలో ననేకమునకు నీరు ఉప్పుటేర్లనుండియు కాలువలనుండియు వచ్చును. విడిచిన నీరు మరల అచ్చటికే పోవును. ఒక రైతు తెగులు చెఱువును తెఱచి విడిచిన నీటిని, ఆటు వచ్చినప్పుడు మఱియొక రైతు తన చెఱువులోనికి తోడుకొనును. పాలేరు చేయు తప్పునకు గట్టు వేయవచ్చును గాని, ఏటి నీటికి గట్టు వేయజాలము. అందుచేత ఒకే యేటిపై నాధారపడిన రైతులు సంఘముగా కూడి, పిల్లలు విడుచు కాలము, నీరు తోడు దినములు, నీరు విడుచు దినములు నిర్ణయించుకొనవలెను. తెగులు వచ్చినవాడు దాచక చెప్పవలెను. చెప్పినవానిని నిందింపరాదు. చిన్న రైతులను ఇట్టి సంఘములుగా కూర్చుటకు 2007లో జాతీయ సుస్థిర ఆక్వాకల్చర్ కేంద్రము స్థాపింపబడెను.

జ్ఞాపకముంచుకొనదగిన యంశములు

(1) పంటకును పంటకును నడుమ చెఱువును ఎండగట్టి, నల్ల బురదను తీసి, నేల పులుపునుబట్టి సున్నము చల్లవలెను.

(2) నీటిని వడకట్టి నింపి, శుద్ధిచేసినచో పక్వమగువఱకు ఆగి పిల్లలను విడువవలెను.

(3) పిల్లలను పరిమాణము వారీగా వేఱుచేయవలెను. మెత్తని వల, తడి చేయి వాడవలెను.

(4) చేప తినునంతే మేత వేయవలెను. వాన పడిన దినమునను, మబ్బు దినమునను తగ్గించవలెను.

(5) రాత్రి రెండవ జాము మొదలు ప్రొద్దు పొడుచువఱకు ఏరేటరులు ఆపరాదు. తెల్లవాఱుజామున ప్రాణవాయువును కొలిచి వ్రాసికొనవలెను.

(6) పెద్ద వాన తరువాత పై చప్పనీటిని మెల్లగా తొలగించి, నీటిని కలియబెట్టవలెను.

(7) తెగులు తోచినచో మొదట మేత ఆపి, ఏరేటరులు పెంచి, చచ్చినవానిని తీసి సున్నముతో పూడ్చవలెను. ప్రాణముతో నున్న జబ్బు చేపను పరీక్షకు పంపవలెను. చచ్చి కుళ్లినదానివలన కారణము తెలియదు.

(8) పరీక్ష కాగితము రాకముందు ఏ మందును కొనరాదు. ఆంటీబయాటికును మేతలో కలుపరాదు. మత్స్యశాఖ యుద్యోగికిని, ఏటి పొరుగువారికిని వెంటనే తెలుపవలెను. తెగులు నీటిని శుద్ధిచేయక విడువరాదు.

రైతు మహాశయులారా! పైన చెప్పిన పనులలో ఎక్కువ భాగమునకు క్రొత్త ఖర్చు లేదు. మేత మిగులకుండ చూచుటవలన ఖర్చు తగ్గును. వ్రాత పుస్తకమునకు కాగితము చాలును. ఏరేటరుల డీజిలునకు మాత్రము సొమ్ము కావలెను, అయినను అది అనవసరపు మందులకగు సొమ్ములో మిగులవచ్చును. చెఱువులోని సూక్ష్మజీవులలో మేలు చేయువానికి ఊపిరియు, చోటును, సమయమును ఇచ్చిన రైతు, కీడు చేయువానిని సగము గెలిచినవాడగును. ఈ పంట మొదలు పెట్టునప్పుడే ప్రతి రైతును ఒక పుస్తకము తెఱచి, మొదటి పుటలో పిల్లలు వచ్చిన హేచరీ పేరు, తేదీ, ఉప్పదనము వ్రాసి, ప్రతి ఉదయమును దానిని నింపుచు రావలెనని కోరబడుచున్నది.